దుర్గాబాయి దేశ్‌ముఖ్: అంగన్‌వాడీ కంటే ముందే బాల్వాడీ.. పల్లె పిల్లల కోసం బాట వేసిన తెలుగు మహిళ

భద్రాచలం ఏజెన్సీ గూడేల్లో ఇప్పుడు పిల్లల బరువు చూసేది అంగన్‌వాడీ టీచర్. ఈ సెంటర్లు రాకముందే పల్లె పిల్లల బాగోగులకు బాట వేశారు దుర్గాబాయి దేశ్‌ముఖ్.

1909 జులై 15న గోదావరి ఒడ్డున రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. పెద్దయ్యాక ఆ బంధం వద్దనుకున్నారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లారు. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టారు. లా చదివారు. రాజ్యాంగ సభలో సభ్యురాలయ్యారు.

అసలు మలుపు 1953లో. కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి చైర్‌పర్సన్ అయ్యారు. మరుసటి ఏడాది నుంచే పల్లెల్లో సంక్షేమ ప్రాజెక్టులు మొదలయ్యాయి. చిన్నారులకు బాల్వాడీ, గర్భిణులకు వైద్యసాయం, ఆడవాళ్లకు చదువు, చేతిపని. బిడ్డతో పాటు తల్లినీ పట్టించుకోవడమే ఇందులో స్పెషల్.

1975 అక్టోబర్ 2న ఐసీడీఎస్ వచ్చింది. ఆరేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, బాలింతలు దీని కిందికొచ్చారు. అదే ఏడాది దుర్గాబాయికి పద్మవిభూషణ్ దక్కింది. 1981 మే 9న కన్నుమూశారు.

ఇంతకీ ఇంట్లో చిన్నపిల్లలుంటే ఏం చేయాలి? నెలనెలా అంగన్‌వాడీలో బరువు తూయించాలి. కార్డులో గీత పైకి వెళ్తుంటే ఓకే. ఆగినా, కిందికి దిగినా వచ్చే నెల చూద్దాంలే అనుకోవద్దు. వెంటనే టీచర్‌కో, ఏఎన్‌ఎంకో చెప్పాలి. ఆస్పత్రి దూరంగా ఉండే అడవి గూడేల్లో ఆ ఒక్క నెలే బిడ్డను కాపాడొచ్చు.