మేఘోపాసకుడు - విల్సన్

ఆకాశంలో మబ్బు పట్టగానే మనిషి తల ఎత్తి చూస్తాడు. రైతు వాన కోసం చూస్తాడు, కవి అందం కోసం చూస్తాడు. మన ప్రాచీన కవులు మేఘంలో నీటితోపాటు పొగను, గాలిని కూడా దర్శించారు. ఆ దర్శనంలో ఎంత సత్యముందో ప్రయోగాల ద్వారా తేలడానికి పందొమ్మిదో శతాబ్ది దాకా వేచి ఉండవలసి వచ్చింది. ఆ కృషిలో జీవితాన్ని ధారపోసిన మహనీయులలో స్కాట్లండ్ దేశీయుడైన చార్లెస్ థామ్సన్ రీస్ విల్సన్ అగ్రగణ్యుడు.

విల్సన్ 1869 ఫిబ్రవరి 14న ఎడిన్‌బరో నగర సమీపంలోని గ్లెన్‌కోర్స్ ప్రాంతంలో జన్మించాడు. తండ్రి గొర్రెల పెంపకం సాగించిన రైతు. నాలుగేళ్ళ ప్రాయంలోనే విల్సన్ పితృవియోగానికి గురయ్యాడు. తల్లి పిల్లలను వెంటబెట్టుకొని ఇంగ్లండులోని మాంచెస్టర్‌కు తరలివెళ్ళింది. ఆ కష్టకాలంలో కలకత్తాలో వ్యాపారం చేస్తున్న సవతి అన్న విలియమ్ ఆయన చదువుకు ఆధారంగా నిలిచాడు. వైద్యుడు కావాలనే ఉద్దేశంతో మొదట జీవశాస్త్రం చదివిన విల్సన్, 1888లో కేంబ్రిడ్జిలోని సిడ్నీ ససెక్స్ కళాశాలలో చేరిన తరవాత భౌతికశాస్త్రం వైపు ఆకర్షితుడయ్యాడు. ఆయన బిడియస్తుడు, మితభాషి. మాటలో కొంత తడబాటు ఉండేది. చూపులో మాత్రం తడబాటు ఉండేది కాదు.

1894 సెప్టెంబరులో ఆయన జీవితం మలుపు తిరిగింది. బ్రిటన్‌లో అత్యున్నతమైన బెన్ నెవిస్ శిఖరం మీద ఆనాడు ఒక వాతావరణ పరిశీలనాలయం ఉండేది. విల్సన్ అక్కడ రెండు వారాలు గడిపాడు. సూర్యకిరణాలు కింది మేఘాల మీద పడినప్పుడు పర్వతచ్ఛాయ చుట్టూ రంగురంగుల వలయాలు ఏర్పడేవి. ఆ శోభ ఆయన మనస్సును హరించింది. ఆ దృశ్యాన్ని ప్రయోగశాలలో సృష్టించి చూడాలనే సంకల్పం కలిగింది. దానికి ముందుగా మేఘాన్నే సృష్టించాలి.

మేఘం పుట్టుకకు రెండు కారణాలు కలిసిరావాలి. మొదటిది ఊర్ధ్వగామి అయిన గాలి. నేలను తాకి వేడెక్కిన గాలి, లేదా పర్వతాన్ని ఒరుసుకొంటూ పోయే గాలి, పైకి లేస్తుంది. పైన పీడనం తక్కువ కనుక అది వ్యాకోచిస్తుంది. వ్యాకోచించడానికి తనలోని శక్తినే ఖర్చు చేస్తుంది కనుక చల్లబడుతుంది. పొడిగాలి ఒక కిలోమీటరు ఎత్తుకు సుమారు 10 డిగ్రీల సెల్సియస్ చొప్పున చల్లబడుతుంది. చివరకు అందులోని నీటి ఆవిరి సంతృప్త స్థితికి చేరుకొంటుంది. అయినా అంతమాత్రాన బిందువు పుట్టదు. ఆవిరి అణువులు తమంతట తాము కూడి ఏర్పరచిన అతి సూక్ష్మ బిందువు నిలవలేక వెంటనే తిరిగి ఆవిరైపోతుంది. దానికి ఒక ఆశ్రయం కావాలి. గాలిలో తేలే ధూళి, పొగ, సముద్రపు ఉప్పు రేణువులే ఆ ఆశ్రయం. ఇదే రెండవ కారణం. స్కాట్లండుకే చెందిన జాన్ ఐట్కెన్ 1880 ప్రాంతంలో దీనిని నిరూపించాడు. మామూలు గాలి ఉన్న పాత్రలోకి ఆవిరిని పంపితే దట్టమైన పొగమంచు కమ్ముకొంది. దూదితో వడపోసిన గాలి ఉన్న పాత్ర నిర్మలంగానే ఉండిపోయింది.

విల్సన్ 1895లో కేంబ్రిడ్జిలోని కావెండిష్ ప్రయోగశాలలో ఇక్కడి నుంచే తన కృషిని ప్రారంభించాడు. గాజు పాత్రలో తేమగాలిని నింపి, దానిని హఠాత్తుగా వ్యాకోచింపజేశాడు. కొండ మీదికి గాలి ఎక్కే దూరమంతా పాత్రలో ఒక్క క్షణంలో జరిగిపోయింది. పొగమంచు ఏర్పడింది. బిందువులు ధూళిని తమతో తీసుకొని అడుగున చేరాయి. అలా అనేక పర్యాయాలు చేయగా గాలి పరిశుద్ధమైంది. ఇక బిందువులు పుట్టకూడదు. కాని గాలి పరిమాణం 1.25 రెట్లకు మించి పెరిగేటట్లు వ్యాకోచింపజేస్తే, కొద్దిపాటి బిందువులు మళ్ళీ కనిపించాయి! ఎన్నిసార్లు తొలగించినా అవి మళ్ళీ మళ్ళీ వచ్చాయి. ధూళి లేనిచోట ఈ బిందువులకు ఆశ్రయమిచ్చింది ఏది?

ఆ చిన్న సందేహాన్ని ఆయన విడిచిపెట్టలేదు. అంతకు కొన్ని నెలల ముందే రాంట్‌జన్ కనుగొన్న ఎక్స్ కిరణాలను 1896లో తన పాత్రలోకి ప్రసరింపజేశాడు. బిందువులు అసంఖ్యాకంగా పుట్టుకొచ్చాయి. విద్యుదావేశం గల అయాన్లే ఆ ఆశ్రయమని క్రమంగా రుజువైంది. అయితే ధూళి ఉన్న సహజ వాతావరణంలో ఆవిరి సంతృప్త స్థితిని ఒక శాతం లోపుగా అతిక్రమించినా మేఘం ఏర్పడుతుంది. అయాన్ల మీద బిందువులు పుట్టాలంటే ఆవిరి నాలుగు రెట్లు కావాలి. ధూళి విలువ ఎంతటిదో దీనిని బట్టి గ్రహించవచ్చు.

అయాన్ మీద బిందువు నిలుస్తుందంటే, కంటికి కనిపించని కణం నడిచిన దారిని బిందువుల బారుగా చూడవచ్చు. ఈ ఊహ సాకారం కావడానికి ఏళ్ళు పట్టింది. విల్సన్ గాజు పాత్రలను స్వయంగా ఊది తయారుచేసుకొనేవాడు. ఎన్నాళ్ళో శ్రమించి సిద్ధం చేసుకొన్నది పగిలిపోయినా, విసుగు చెందక మళ్ళీ మొదలుపెట్టేవాడు. 1911లో ఆల్ఫా, బీటా కణాల జాడలను మొట్టమొదటిసారిగా ఛాయాచిత్రాలలో బంధించాడు. ఆ పరికరమే క్లౌడ్ చాంబర్‌గా లోకప్రసిద్ధమైంది. 1927లో ఆర్థర్ కాంప్టన్‌తో కలిసి ఆయన నోబెల్ బహుమతిని పంచుకొన్నాడు. 1932లో కార్ల్ ఆండర్సన్ పాజిట్రాన్‌ను కనుగొన్నది ఈ పరికరంలోనే.

పరమాణు శాస్త్రం ఆయనకు కీర్తి తెచ్చింది. ఆయన మనస్సు మాత్రం మేఘాలను వీడలేదు. 1934లో పదవీ విరమణ చేసి, కాలక్రమాన స్వదేశం చేరి, కార్లాప్స్ గ్రామంలో స్థిరపడ్డాడు. ఉరుములమబ్బులలో విద్యుత్తు ఎలా పుడుతుందో వివరించే సిద్ధాంతాన్ని 1956లో, 87 ఏళ్ళ వయస్సులో ప్రకటించాడు. 1959 నవంబరు 15న కన్నుమూశాడు.

విల్సన్ అడిగిన ప్రశ్న నేటికీ పాతబడలేదు. ఒక వాన చినుకు తయారుకావడానికి దాదాపు పది లక్షల మేఘబిందువులు కలవాలి. వాహనాలు, కర్మాగారాలు విడిచే రేణువులు ఎక్కువైతే, ఉన్న నీటినే అనేక బిందువులు పంచుకొని మరీ చిన్నవైపోతాయి. అవి కలిసి చినుకుగా మారడం ఆలస్యమవుతుంది. గాలి వేగంగా పైకి లేస్తే మరిన్ని రేణువులు బిందువులుగా మారుతాయి. అంటే మనం గాలిలోకి విడిచే పొగకు మన నెత్తిన కురిసే వానతో సంబంధముందన్నమాట. ధూళికణమంతటి చిన్న విషయాన్ని కూడా ఉపేక్షించరాదన్నదే విల్సన్ జీవితం మనకు నేర్పే పాఠం.