డాక్టర్ కోట్నీస్

తెలుగు నేతపనివా రనేకులు స్థిరపడిన షోలాపురమున 1910వ సంవత్సరము అక్టోబరు 10వ తేదీన ద్వారకానాథ్ శాంతారామ్ కోట్నీస్ జన్మించిరి. బొంబాయిలో వైద్యవిద్య నభ్యసించి పట్టము పొందిరి. 1937లో జపాను చైనాపై దండెత్తెను. గాయపడిన సైనికులకు వైద్యులు కావలెనని చైనా సేనాని జూటే అర్థింపగా, 1938లో కాంగ్రెసు మహాసభ ఐదుగురు వైద్యుల నచ్చటికి పంపెను. అందు కోట్నీస్ ఒకరు.

1939 ఆరంభమున, చుంగ్‌కింగ్ నుండి యెనానునకు బయలుదేరు సమయమున, ఇంటినుండి ఉత్తరము వచ్చెను. తండ్రిగారు గతించిరని దాని సారాంశము. తల్లి, తోబుట్టువులు దుఃఖమున మునిగియుండిరి. ఆయన మరలిపోయినచో తప్పుపట్టువా రెవ్వరును లేరు. కాని వచ్చిన పని ఇంకను మొదలే కాలేదు. తల్లికి కుమారుడు కావలెను. గాయపడినవానికి వైద్యుడు కావలెను. కోట్నీస్ కన్నీరు దిగమ్రింగి ముందునకే సాగిరి.

అనంతరము ఎనిమిదవ మార్గసేనతో కలిసి, శత్రువుల నడుమ కొండప్రాంతములందు శస్త్రచికిత్సలు చేసిరి. 1940లో నొక పోరున మూడు దినములు నిద్రలేక క్షతగాత్రులను చూచిరని ప్రతీతి. శత్రువుల చుట్టివేతలో నున్న ఆ ప్రాంతమునకును షోలాపురమునకును ఉత్తరములు నడచుట కష్టమయ్యెను. ఆయన చైనాభాష నేర్చి, ఆ భాషలోనే శిష్యులకు పాఠములు చెప్పిరి. 1941 జనవరిలో, కెనడా దేశీయుడగు డాక్టర్ బెతూన్ పేర వెలసిన ఆసుపత్రికి అధ్యక్షులైరి. ఆ సంవత్సరమే, నర్సులకు బోధించు కువో చింగ్‌లాన్‌ను వివాహమాడిరి. 1942 ఆగస్టులో కుమారుడు కలిగెను. ఆ బిడ్డ పేరు యిన్‌హువా. 'యిన్' అనగా భారతదేశము, 'హువా' అనగా చైనా.

అప్పటికే మూర్ఛవ్యాధి ఆయనను కృశింపజేయుచుండెను. విశ్రాంతి తీసికొనక, విద్యార్థులకొరకు శస్త్రచికిత్సా గ్రంథమును వ్రాయుచుండిరి. 1942 డిసెంబరు 9వ తేదీన, 32వ యేట, ఆ వ్యాధితోడనే కన్నుమూసిరి. బిడ్డ కప్పటికి నాలుగు నెలలైనను నిండలేదు. ఐదుగురిలో నలుగురు స్వదేశము చేరిరి. షోలాపురపు తల్లి కుమారుడు మాత్రము రాలేదు.

1946లో శాంతారామ్ తీసిన చలనచిత్రమువలన ఆయన కథ దేశమంతటను తెలిసెను. యుద్ధానంతరము కువో చింగ్‌లాన్ భారతదేశమునకు వచ్చి అత్తవారి కుటుంబమును కలిసికొనిరి. యిన్‌హువా తండ్రివలెనే వైద్యము చదువుచు 1967లో చిన్నవయసున మరణించెను. ఆమె 2012 వరకు జీవించిరి. కోట్నీస్ సమాధి నేటికిని చైనాలోని షిజియాజువాంగ్ నగరమున నున్నది. పరాయి దేశపు క్షతగాత్రుని తన సోదరునిగా నెంచిన ఆ వైద్యుని అచ్చటి జనులు తమ బిడ్డగానే తలంచుచున్నారు.