ఆలివర్ వించెస్టర్

1810లో బోస్టన్‌లో జన్మించిన ఆలివర్ వించెస్టర్ చొక్కాల తయారీలో ధనం గడించి, తుపాకుల వ్యాపారంలో ప్రవేశించారు. ఆయన తుపాకి పనివాడు కారు. పనివారిని గుర్తెరిగిన వర్తకుడు. 1866లో సొంత పేరిట సంస్థను నెలకొల్పారు.

1873లో ఆ సంస్థ వెలువరించిన లీవరు తుపాకిలో పేలిన ఇత్తడి డొల్లను పారవేయనక్కరలేదు. కొత్త ప్రైమరు అమర్చి, 40 గ్రెయిన్ల మందు కూరి, ఇంట అచ్చుపోసిన సీసపు గుండును బిగిస్తే తూటా సిద్ధం. గుండు బరువు సుమారు 13 గ్రాములు. అంగడికి ఆమడల దూరాన ఉన్న కాపులకు ఇది ఎంతటి మేలో చెప్పనక్కరలేదు. అచ్చులను సైతం సంస్థే విక్రయించింది.

అయితే అచ్చు ఎంపికలో ఏమరుపాటు తగదు. తుపాకి గొట్టం క్రింది గొట్టంలో తూటాలు వరుసగా ఒకదాని వెనుక ఒకటి ఉంటాయి. గుండు మొన వాడిగా ఉంటే ముందరి తూటా ప్రైమరును పొడిచి, అక్కడే పేలవచ్చు. ముప్పు పట్టుకున్న చేతికే. అందుచేతనే మొన చదునుగా ఉండాలి. గుండు చుట్టూ లోతైన గాడులు కూడా అవసరం. వాటిలో నింపిన కొవ్వు మందు మసిని గట్టిపడనీయదు.

వించెస్టర్ 1880లో న్యూహేవెన్‌లో కన్నుమూశారు.