ఫెలిక్స్ వాంకెల్

ఫెలిక్స్ వాంకెల్ (ఆగష్టు 13, 1902 - అక్టోబరు 9, 1988) జర్మనీ దేశానికి చెందిన ప్రముఖ యంత్ర నిర్మాత, రోటరీ ఇంజను రూపకర్త. పిస్టన్ పైకీ క్రిందికీ కదలడానికి బదులు త్రికోణాకారపు రోటర్ గిరగిర తిరుగుతూ పనిచేసే ఈ ఇంజను ఇతని పేరు మీదనే వాంకెల్ ఇంజనుగా ప్రసిద్ధి చెందింది. కళాశాల చదువు లేని ఇతడు, దృష్టిలోపం వలన జీవితాంతం డ్రైవింగ్ లైసెన్సు కూడా పొందలేదు.

బాల్యం, తొలి జీవితం

వాంకెల్ నైరుతి జర్మనీలోని లార్ పట్టణంలో జన్మించాడు. అటవీశాఖలో పనిచేసే తండ్రి మొదటి ప్రపంచ యుద్ధపు తొలి నెలల్లోనే మరణించాడు. తల్లి కుమారునితో హైడెల్‌బర్గ్ చేరింది. 1921లో చదువు మధ్యలో ఆపివేసి, వాంకెల్ అక్కడి ఒక పుస్తక ప్రచురణ సంస్థలో చేరాడు. 1924లో మిత్రులతో కలిసి చిన్న వర్క్‌షాపు పెట్టుకున్నాడు. తిరిగే పిస్టన్ గల యంత్రానికి 1929లో తొలి పేటెంటు పొందాడు.

నాజీ సంబంధం

ఇతని జీవితంలో దాచరాని అధ్యాయం ఇది. యువకునిగా ఉండగానే నాజీ పార్టీలో చేరి యువజన విభాగంలో పనిచేశాడు. స్థానిక నాయకునితో విభేదించి 1933లో కొన్ని నెలలు జైలులో గడిపాడు. హిట్లర్ ఆర్థిక సలహాదారు కెప్లర్ జోక్యంతో విడుదలయ్యాడు. 1936లో లిండావులో విమానయాన మంత్రిత్వ శాఖ సొమ్ముతో పరిశోధనశాల నెలకొల్పాడు. కొంతకాలం ఎస్.ఎస్. దళంలో సభ్యుడు కూడా. యుద్ధానంతరం ఫ్రెంచి సైన్యం ఆ పరిశోధనశాలను విప్పి తరలించి, ఇతనిని నిర్బంధించింది. ఇంజను గొప్పతనం ఈ చరిత్రను మాపదు. అయితే లిండావులో ఇతడు నేర్చిన విద్య, అంటే కదిలే లోహభాగాల మధ్య నుండి వాయువు తప్పించుకోకుండా బిగించే సీలింగ్ విద్యయే, తరువాతి ఆవిష్కరణకు పునాది.

రోటరీ ఇంజను

1951లో వాంకెల్ ఎన్.ఎస్.యు. సంస్థతో ఒప్పందం చేసుకున్నాడు. 1957 ఫిబ్రవరి 1న తొలి ఇంజను తిరిగింది. అందులో రోటర్‌తో పాటు దాని చుట్టూ ఉన్న గది కూడా తిరిగేది. స్పార్కు ప్లగ్గు మార్చాలన్నా ఇంజనంతా విప్పవలసి వచ్చేది. ఎన్.ఎస్.యు. ఇంజనీరు పాష్కె గదిని స్థిరంగా ఉంచి, రోటర్ మాత్రమే తిరిగేలా మార్చాడు. తన రూపకల్పనను పాడుచేశారని వాంకెల్ కినుక వహించినప్పటికీ, తరువాత రోడ్డెక్కినది పాష్కె రూపమే.

రోటర్ తిరిగే గది నడుము సన్నబడిన వేరుశనగ కాయ ఆకారంలో ఉంటుంది. రోటర్ ఒక చుట్టు తిరిగేసరికి ఇరుసు మూడు చుట్లు తిరుగుతుంది. వాల్వులు ఉండవు. త్రికోణపు మూడు కొనల వద్ద ఉండే సన్నని పట్టీలు, అనగా అపెక్స్ సీళ్ళు, గది గోడను ఒరుసుకుంటూ వాయువును ఆపాలి. 1967లో వచ్చిన ఎన్.ఎస్.యు. ఆర్‌ఓ 80 కారులో ఈ సీళ్ళు త్వరగా అరిగిపోయి, సంస్థ వారంటీ క్రింద ఎన్నో ఇంజన్లు మార్చి ఇవ్వవలసి వచ్చింది. అదే సంవత్సరం జపాన్ సంస్థ మాజ్డా కాస్మో స్పోర్ట్ కారును విడుదల చేసింది. యమమోతో కెనిచి నాయకత్వంలోని ఇంజనీర్లు సీళ్ళ సమస్యను చాలావరకు అదుపులోకి తెచ్చారు.

విడిభాగాల మార్పిడి

పాత రోటరీ ఇంజన్లను విప్పి తిరిగి బిగించేవారికి ఎదురయ్యే చిక్కు కూడా ఈ సీళ్ళ దగ్గరే ఉంది. మామూలు ఇంజనులో సిలిండరు అరిగితే బోరింగ్ చేయించి పెద్ద పిస్టన్ వేయవచ్చు. రోటర్ హౌసింగ్ లోపలి క్రోమియం పూత లేచిపోతే ఆ ఉపాయం పనిచేయదు, హౌసింగునే మార్చాలి. అందువలన మరో సంవత్సరపు ఇంజను నుండి భాగాలు తీసి వాడడం సాధారణమైంది.

పైకి చూస్తే ఇది సులువే. మాజ్డా 10ఎ, 12ఎ, 13బి ఇంజన్లలో గది వంపు ఒక్కటే. రోటర్ వెడల్పు మాత్రం వరుసగా 60, 70, 80 మిల్లీమీటర్లు. కానీ 13బి ఇంజనులోనే 1985 వరకు నీటి సీలు గాడి రోటర్ హౌసింగులో ఉండగా, 1986 నుండి దానిని ప్రక్క పలకలలోకి మార్చారు. పాత హౌసింగును కొత్త పలకతో కలిపితే గాడి ఎదుట గాడి వస్తుంది. కొత్త హౌసింగుకు పాత పలక పెడితే సీలుకు గాడియే ఉండదు. అదే సమయంలో అపెక్స్ సీలు మందం 3 మిల్లీమీటర్ల నుండి 2కు తగ్గింది. టర్బో లేని 13బి రోటర్ల సంపీడన నిష్పత్తి 1986-88లో 9.4, 1989-91లో 9.7. ఈ రెండవ రకం రోటర్లు తేలికైనవి గనుక, ముందు వెనుకల సమతుల్యపు బరువులు కూడా ఆ రోటర్లకు సరిపడినవే వేయాలి. లేకుంటే ఇంజను అదురుతుంది. రెండు ఇంజన్ల భాగాలతో ఒకటి చేయదలచినవారు ఒకే కాలపు రోటర్లను జతగా వాడడం మేలు.

చివరి దశ

1969లో మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం ఇతనికి గౌరవ డాక్టరేటు ఇచ్చింది. 1971లో వాంకెల్ సంస్థ 10 కోట్ల మార్కులకు లోన్రో కంపెనీకి అమ్ముడైంది. జంతువులపై ప్రయోగాలను వ్యతిరేకించిన వాంకెల్, వాటికి ప్రత్యామ్నాయాలు కనుగొనే పరిశోధనలకు 1972లో తన పేరిట బహుమతి నెలకొల్పాడు. 1988లో హైడెల్‌బర్గ్‌లో మరణించాడు.

మూడేళ్ళ తరువాత, 1991లో, నాలుగు రోటర్ల మాజ్డా 787బి లె మాన్స్ 24 గంటల పందెం గెలిచింది. భారతదేశంలో అహ్మద్‌నగర్‌లోని వాహన పరిశోధన సంస్థ, బెంగుళూరులోని జాతీయ వైమానిక ప్రయోగశాల కలిసి రూపొందించిన వాంకెల్ ఇంజనుతో నిశాంత్ మానవరహిత విమానం 2009లో కోలారు వద్ద ఎగిరింది.