ఆజ్ఞ మీరిన వైమానికుడు

సికింద్రాబాదులోని సైనిక్‌పురి మాజీ సైనికుల కోసం వెలసిన కాలనీ. చేరువలోని హకీంపేట స్థావరం నుండి లేచే విమానాల ధ్వని అక్కడివారికి సుపరిచితం. సైనికునికి ఆజ్ఞాపాలనమే ప్రథమ ధర్మమని ఆ కాలనీ పెద్దలకు వేరే చెప్పనక్కరలేదు. అట్టి ఆజ్ఞను ఒకనాడు మీరి, శిక్షనూ సత్కారాన్నీ కూడా పొందిన బెల్జియం వైమానికుడు జాన్ ద సెలీ లోంషాం.

ఆయన 1912 మే 31న ఒక ప్రభువంశంలో జన్మించాడు. యౌవనంలో అశ్వికదళాధికారి అయ్యాడు. 1940 మే నెలలో జర్మనీ దండెత్తగా బెల్జియం 18 దినాలలోనే లొంగిపోయింది. సెలీ డన్‌కర్క్ రేవు నుండి ఇంగ్లండు చేరి, పోరు సాగించాలని మరల ఫ్రాన్సుకు వెళ్ళాడు. ఫ్రాన్సు కూడా ఓడిపోయింది. పిమ్మట నిర్బంధానికి లోనై, తప్పించుకొని, స్పెయిన్ మీదుగా తిరిగి ఇంగ్లండు చేరాడు. గుర్రపు స్వారి ఎరిగిన ఆ యువకుడు అక్కడ విమానం నడపడం నేర్చి బ్రిటిష్ వైమానిక దళంలో చేరాడు. నిజాం విరాళానికి గుర్తుగా హైదరాబాదు పేరు ధరించిన 152వ స్క్వాడ్రన్ కూడా ఆ దళంలోనిదే. సెలీ పనిచేసిన 609వ స్క్వాడ్రన్‌లో బెల్జియం ప్రవాసులు పలువురుండేవారు.

బ్రస్సెల్స్‌లోని లూయీజ్ వీధిలో ఒక ఎత్తైన భవనాన్ని జర్మన్ రహస్య పోలీసులైన గెస్టపోలు ఆక్రమించారు. దేశభక్తులను అక్కడ చిత్రహింసలకు గురిచేసేవారు. దానిపై దాడికి సెలీ అనుమతి కోరాడు. అది లభించలేదు.

1943 జనవరి 20న ఆయన మరొక పనిపై బెల్జియం మీదికి వెళ్ళాడు. అది ముగియగానే తోడు వచ్చిన వైమానికుణ్ణి వెనుకకు పంపి, తాను ఒంటరిగా రాజధాని వైపు మళ్ళాడు. ఇళ్ళ కప్పులను తాకునంత తక్కువ ఎత్తులో టైఫూన్ విమానాన్ని నడిపి, ఆ భవనంపై ఫిరంగి గుండ్లు కురిపించాడు. జర్మన్ అధికారులు కొందరు మరణించారు. పరాధీనమైన తన నగరంపై స్వదేశపు చిన్న చిన్న జెండాలను వెదజల్లి సురక్షితంగా తిరిగి వచ్చాడు.

పై అధికారులకు ఇది చిక్కు సమస్యే అయింది. అనుమతి లేని దాడిని ఉపేక్షిస్తే క్రమశిక్షణ నిలువదు. అంతటి సాహసాన్ని గుర్తించకుండా ఉండనూ లేరు. కనుక ఆయన హోదాను తగ్గించారు. ఆ ఏడాది మే నెలలోనే విశిష్ట వైమానిక సేవా పతకాన్ని కూడా ప్రకటించారు.

ఆ గౌరవాన్ని ఆయన ఎంతోకాలం అనుభవించలేదు. 1943 ఆగస్టు 16న దాడి ముగించి వస్తూ, ఇంగ్లండులోని మాన్‌స్టన్ స్థావరంలో దిగే వేళ విమానం కూలి మరణించాడు. అప్పటికి ఆయన వయస్సు 31 సంవత్సరాలు. సమాధి ఇంగ్లండులోనే ఉంది. లూయీజ్ వీధిలో, నాడు తాను గుండ్లు కురిపించిన భవనం చెంతనే, నేడు ఆయన ప్రతిమ నిలిచి ఉన్నది.