దవడ విరిగితే పళ్లకు బంగారు తీగ: సర్జన్ అల్-జహ్రావీ జీవితం

మెడ మీద గడ్డలున్న ఒక మహిళకు తెలిసీ తెలియని వైద్యుడొకడు కత్తి పెట్టాడు. రక్తనాళాలు తెగాయి. రక్తం ఆగక ఆమె అక్కడికక్కడే చనిపోయింది. వెయ్యేళ్ల కిందట అందలూస్‌లో ఇది కళ్లారా చూసిన అబుల్ ఖాసిమ్ అల్-జహ్రావీ, తన సర్జరీ పుస్తకాన్ని ఇలాంటి పొరపాట్ల ముచ్చటతోనే మొదలుపెట్టారు. ఆపరేషన్లు రెండు రకాలని, క్షేమంగా అయ్యేవి కొన్ని, ప్రాణం మీదికి తెచ్చేవి కొన్ని అని విడదీశారు. ప్రమాదం ఉన్నచోట హెచ్చరిక రాశారు.

ఆయన 936 ప్రాంతంలో పుట్టారు. ఖుర్తుబా, అంటే ఇప్పటి స్పెయిన్‌లోని కార్డోబా పక్కనే ఖలీఫా మూడో అబ్దుర్రహ్మాన్ కట్టించిన మదీనతుజ్జహ్రా ఆయన ఊరు. ఆ ఊరి పేరే ఆయన పేరులో ఉంది. 1010లో అంతర్యుద్ధంలో ఆ నగరం ధ్వంసమైంది. అందుకే ఆయన ఇల్లూ కుటుంబం గురించి మనకు తెలిసింది చాలా తక్కువ. మిగిలింది పుస్తకమే. 30 భాగాల ‘కితాబుత్తస్రీఫ్’ 1000 ప్రాంతంలో పూర్తయింది. చివరి భాగం మొత్తం సర్జరీ. వాతలు పెట్టడం, కోయడం, ఎముకలు సరిచేయడం అన్నీ అందులో ఉన్నాయి. సుమారు 200 పరికరాల బొమ్మలు కూడా గీశారు.

దవడ దగ్గర ఆయన చూపిన జాగ్రత్త ఇంకో స్థాయిలో ఉంటుంది. ఆ రోజుల్లో పళ్లు పీకే పని ఎక్కువగా హజ్జాంలదే. బలంగా లాగితే పన్ను విరిగి వేళ్లు లోపలే ఉండిపోతాయి, ఒక్కోసారి దవడ ఎముక ముక్క కూడా ఊడి వస్తుందని ఆయన రాశారు. ముందు పన్ను చుట్టూ చిగురు విడదీయాలి, కొద్దికొద్దిగా కదిలించాలి, తర్వాత నిటారుగా లాగాలి. అసలు ఏ పన్ను నొస్తోందో తేల్చుకోవడం ఇంకా ముఖ్యం. నొప్పిలో రోగి మంచి పన్నునే చూపిస్తాడు, అది పీకేశాక కూడా నొప్పి తగ్గదు. ఇది మన ఇళ్లలోనూ జరిగేదే కదా!

కింది దవడ విరిగితే నోట్లో వేలు పెట్టి లోపలి నుంచి ఎముకను దాని చోటికి నెట్టమన్నారు. కదిలిన పళ్లను బంగారు లేదా వెండి తీగతోనో పట్టుదారంతోనో కట్టాలి. ఊగే పళ్లను కట్టేటప్పుడు మాత్రం వెండి కొన్నాళ్లకు రంగు మారి పాడవుతుంది కాబట్టి బంగారమే మేలన్నారు. తీగను గట్టి పన్ను నుంచి ఊగే పన్నుకు అల్లుతూ తీసుకెళ్లి, మెలిపెట్టిన కొసను నాలుకకు గుచ్చుకోకుండా పళ్ల మధ్య దాచమన్నారు. ఎముక అతికేదాకా నమలనివ్వకుండా మెత్తటి తిండే పెట్టాలి.

ముందుకొచ్చిన దవడను కోసి వెనక్కి జరిపే నేటి ఆపరేషన్ ఆయన చేయలేదు. అలాంటి తొలి ఆపరేషన్లలో ఒకటి 1849లో అమెరికాలో సైమన్ హల్లిహెన్ చేశారు. నేటి సర్జన్లు ఎముకను ప్లేట్లు, స్క్రూలతో బిగిస్తారు, పై పళ్లు కింది పళ్లు సరిగ్గా కలిశాయా అని చూస్తారు, అవసరమైతే తీగలు, రబ్బర్లు వేస్తారు. కింది దవడ లోపలి నరం దెబ్బతింటే పెదవి, గడ్డం మొద్దుబారవచ్చు. కొందరిలో అది శాశ్వతంగా ఉండిపోవచ్చు కూడా. సంతకం తీసుకునే ముందు డాక్టర్ ఈ మాట రోగికి విడమరచి చెప్పాల్సిందే.

అల్-జహ్రావీ 1013 ప్రాంతంలో కన్నుమూశారు. 12వ శతాబ్దంలో తులేతులా, అంటే టొలెడోలో, జెరార్డ్ ఆఫ్ క్రెమోనా ఆ సర్జరీ భాగాన్ని లాటిన్‌లోకి మార్చారు. యూరప్ వైద్యులు దాన్ని కొన్ని వందల ఏళ్లు చదివారు, పరికరాల బొమ్మలతో సహా.