విలియము హార్వే

గుండెకు నాలుగు గదులు కలవని తప్పులేక వల్లించిన బాలుడొకడు, తన గుండె యెచ్చట కొట్టుకొనుచున్నదో చూపుమనగా దిక్కులు చూచెను. ఆ తప్పు బాలునిది కాదు, బోధించిన మాది. చిన్న తరగతులకు మానవ శరీరమును గూర్చిన పాఠములను సిద్ధపరచునపుడు దేనితో ప్రారంభింపవలెను? ఈ ప్రశ్నకు విలియము హార్వే అను వైద్యుని జీవితము చక్కని సమాధానమని మేము తలంచుచున్నాము.

హార్వే ఇంగ్లండు దేశమున ఫోక్‌స్టను పట్టణములో 1578వ సంవత్సరము ఏప్రిలు 1వ తేదీన జన్మించెను. కేంబ్రిడ్జిలో చదివిన పిమ్మట ఇటలీ దేశమందలి పాడువా విశ్వవిద్యాలయమునకేగి 1602లో వైద్యపట్టమును పొందెను. అచ్చటి గురువగు ఫాబ్రీషియసు సిరలలో చిన్న తలుపులవంటి కవాటములున్నవని శిష్యులకు చూపెను గాని, వాని నిజమైన ప్రయోజనమును గ్రహింపలేదు.

పదునాలుగు శతాబ్దములకు పూర్వమున్న గేలెను మాటయే ఆనాటి వైద్యులకు ప్రమాణము. ఆహారము కాలేయములో రక్తమై, అవయవములకు పారి, అచ్చటనే వ్యయమగునని వారు నమ్మిరి. హార్వే ఆ మాటను పరీక్షింపబూనెను. లండను నగరమున సెయింటు బర్తలోమ్యూ వైద్యశాలలో రోగులను చూచుచు, అనేక జంతువుల గుండెలను పరిశీలించెను. పిమ్మట లెక్క వేసెను. ఒక్కొక్క దెబ్బకు అర ఔన్సు రక్తమే వెలువడుననుకొన్నను, వేయి దెబ్బలకు 500 ఔన్సులగును. గుండె అరగంటలోనే అంతకు మించి కొట్టుకొనును. అంత రక్తము దేహమందే లేదు. ఆహారమునుండి అంతలో పుట్టజాలదు. కావున ఉన్న రక్తమే మరల మరల తిరుగుచున్నదని నిశ్చయించెను. చేతికి కట్టు కట్టి, ఉబ్బిన సిరను వ్రేలితో నొక్కి, కవాటములు రక్తమును గుండెవైపునకే పోనిచ్చునని చూపెను.

1628లో ఈ సంగతిని లాటిను భాషలో చిన్న గ్రంథముగా ప్రకటింపగా పండితులు పలువురు ఎదిరించిరి. ఆయన వెనుదీయలేదు. 1642లో అంతర్యుద్ధము చెలరేగినపుడు, రాజవైద్యుడగు ఆయన నివాసమును సైనికులు దోచుకొనగా, ఎన్నో యేండ్లు శ్రమించి వ్రాసికొనిన కాగితములు నశించెను. 1657 జూను 3న ఆయన మరణించెను. ధమనులనుండి సిరలకు రక్తము పోవు మార్గమును మాత్రము ఆయన కన్నులు చూడలేదు. 1661లో మాల్పీగీ సూక్ష్మదర్శినితో కేశనాళికలను చూచి ఆ కొరత తీర్చెను.

కావున మా పాఠము పటముతో ప్రారంభము కాదు. పిల్లలు మొదట మణికట్టుపై వ్రేళ్లుంచి ఒక నిమిషము నాడిని లెక్కింతురు. మైదానమున పరుగెత్తి వచ్చి మరల లెక్కింతురు. ఈ భేదమేల కలిగెనని వారే అడుగుదురు. అప్పుడు గుండెను గూర్చి చెప్పుదుము. పటమును, పేర్లును చివరకు వచ్చును. దేవుడు ఇంత వింతగా నిర్మించిన దేహమును చూడక, దాని పేర్లు మాత్రము వల్లించుట విద్య కాదు.

తల్లిదండ్రులారా, మీ బిడ్డ సాయంకాలము ఇంటికి వచ్చి మీ నాడిని చూతునన్నచో విసుగుకొనక చేయి చాపుడు.